వకుళ నిలిపిన బిరుదు

పొద్దు పొడిచి బారెడు పైకెక్కేసరికి తెల్లమళ్ల పల్లెలోని ఉప్పుకుప్పలు వెండికొండల వలె మెరవసాగాయి. మడికీ మడికీ నడుమనున్న సన్నని గట్ల మీద, ముతకచీర ఎగదోపుకొని, జుట్టుకు బూడిద రాసుకొన్న ఒక యువతి ఉత్తరదిక్కుగా పరుగెత్తుతోంది. ఆమె వెనుక, వీపున పెద్ద మూటతో, ఒక నడివయసు మనిషి రొప్పుతూ వస్తున్నాడు.

యువతి పేరు వకుళ. కుముదవర్తి రాజ్యపు మహాసేనాని జయధవళుడికి ఆమె వంది. సేనాని తీర్పు చెప్పే ప్రతి వేళా సభకు ముందు నిలిచి, అతని బిరుదులను కంచుకంఠంతో చదవడం ఆమె ఉద్యోగం. వంది బిరుదులన్నీ చదివి ముగించిన తరువాతనే సేనాని ఆజ్ఞ చెల్లుతుందని కుముదవర్తి శాసనం. వెనుక వస్తున్నవాడు తిప్పన్న. ఊరూరా తిరిగి పగటివేషాలు కట్టి పొట్ట పోసుకొంటూ, ఈ పల్లెకు వచ్చి కాపలాలో చిక్కుకొనిపోయినవాడు. అతని మూటలో గడ్డాలు, జడలు, కిరీటాలు, రంగుడబ్బాలు తప్ప లోకంలో మరే ఆస్తీ లేదు.

ఉత్తరాన, రెండు కొండల నడుమ, మేఘబంధమనే ఆనకట్ట ఆకాశానికి అడ్డుగోడ కట్టినట్లు నిలిచి ఉంది. సూర్యుడు నడినెత్తికి రాగానే దాని తూములు తెరిపించి, తెల్లమళ్ల పల్లెను సమస్త ప్రాణులతో సహా సముద్రంలోకి కడిగివేయాలని మహాసేనాని నిశ్చయించాడు. మాయావి ఊర్ణనాభుడు తన పిశాచాలను మనుష్యరూపాలతో ఆ పల్లెలో నిలిపాడని వేగులవాళ్లు చెప్పారు. పిశాచం ఉప్పు ముట్టదన్నది లోకమెరిగిన మాట. భటులు వెళ్లి ఉప్పు కలిపిన గంజి పోయగా, పసివాళ్లు మొదలుకొని పండుముసలివాళ్ల వరకు పల్లెలో ఒక్కరూ దాన్ని నోట పెట్టలేదు.

ఆ మాట మింగుడుపడక వకుళ నిన్న ఎవరికీ చెప్పకుండా పల్లెకు వచ్చింది. నూకాలవ్వ అనే ముసలమ్మ ఇంట చప్పిడి గంజి తాగింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఉప్పు పండే రోజులలో, తొలిరాశిని సముద్రుడికి నైవేద్యం పెట్టేవరకు, తెల్లమళ్లలో ఎవ్వరూ, వాళ్ల ఇంట తిన్న అతిథులు కూడా, ఉప్పును నాలుకకు తగలనివ్వరు. దానిని ఉప్పునోము అంటారు. ఆ నోము సంగతి పల్లె దాటితే ఎవరికీ తెలియదు. అడిగినవాడు కూడా లేడు.

"వకుళమ్మా, కాస్త నిదానం!" అన్నాడు తిప్పన్న వెనుకనుంచి. "మీ సేనాపతిగారు దేవుడంతటివాడంటివి గదా! దేవుడికి ఒక్క మాట చెప్పుకోవడానికి ఇంత పరుగెందుకు?"

"దేవుడంతటివాడని నేననలేదు. క్రౌంచపురం తగలబడిన నాడు మా అమ్మ పిలిస్తే దేవుడు రాలేదు. ఆయన వచ్చాడు."

"మరి ఆ మహానుభావుడే ఇవాళ ఊరు ముంచుతానంటున్నాడే?"

"ఆయనకు తెలియదు. చెబితే వింటాడు."

"వినకపోతే?"

వకుళ పరుగు పెంచింది. తాను వేళకు చేరకపోతే తన స్థానంలో బిరుదులు చదవడానికి మరొక వంది గొంతు సవరించుకొంటూ సిద్ధంగా ఉంటాడని ఆమెకు తెలుసు. 

పొలిమేరలో సైనికుల కాపలా కనిపించింది. పల్లెనుంచి ఒక్క పురుగు కూడా బయటికి పోరాదని ఆజ్ఞ. తిప్పన్న ఒక ఉప్పుకుప్ప చాటున మూట విప్పాడు. రెప్పపాటులో అతని మీసం మాయమైంది, నెత్తిమీద నెరిసిన ముడి మొలిచింది, నుదుట రూపాయంత కుంకుమబొట్టు వెలిసింది. వంగిన నడుముతో, వణికే తలతో, సోదె చెప్పే ముసలమ్మ ఒకతె కుప్ప వెనుకనుంచి బయటికి వచ్చింది.

"ఆగండి! ఎవరు మీరు?" అని గద్దించాడు ఒక భటుడు, ఈటె అడ్డంపెట్టి.

"కొండమీద గుడిదాన్ని నాయనా. సముద్రస్నానానికి వచ్చి దారి తప్పాను. ఇది నా మనవరాలు. పుట్టుమూగ."

రాజ్యంలోకెల్ల గొప్ప గొంతుక గల వకుళ నోరు తెరిచి అర్థంలేని శబ్దమొకటి చేసింది.

"ముందు ఈ ఉప్పు నోట్లో వేసుకోండి. తరువాత మాటలు."

"అయ్యో నా తండ్రీ! ఉప్పు తగిలిన నాలుక మీద అమ్మవారు పలుకుతుందా? సోదె చెప్పేవాళ్లం పొద్దుగూకేదాకా చప్పిడే గదా! మీ అమ్మ నీకు ఇంత మాత్రం చెప్పలేదూ?"

"నిజమేరా," అన్నాడు రెండవ భటుడు. "మా ఊరి సోదెమ్మా అంతే. పోనీలే, అవ్వా, మా ఆవిడకు నెలలు నిండాయి. ఏ బిడ్డ పుడుతుందో చెప్పు."

తిప్పన్న వాడి అరచేయి పట్టుకొని కళ్లు పైకి తేలవేశాడు. "మగపిల్లాడు నాయనా, బంగారంలాంటివాడు! నీ పోలిక రాకుండా మాత్రం అమ్మవారికి గట్టిగా మొక్కుకో."

కాపలావాళ్లు పగలబడి నవ్వారు. ఈటె పక్కకు తొలగింది. నాలుగడుగులు దాటారో లేదో, వకుళ పళ్లు కొరికింది.

"సోదెమ్మ చప్పిడి తింటే ఆచారం. ఉప్పు పండించేవాళ్లు చప్పిడి తింటే పిశాచత్వం! ఇదేం న్యాయం తిప్పన్నా?"

"మూగదానివి, నోరు మూసుకో తల్లీ! ఇంకా వాళ్ల చెవులకు అందే దూరంలోనే ఉన్నాం."

రాజమార్గం కొండ చుట్టూ తిరిగి పోతుంది. ఆ దారిన పోతే మధ్యాహ్నం దాటుతుంది. అడ్డదారి ఒక్కటే, సాలెలోయ. ఊర్ణనాభుడు పూర్వం అక్కడ తపస్సు చేశాడనీ, అతడు పెంచిన సాలెపురుగు ఇంకా ఆ లోయలోనే ఉన్నదనీ ప్రతీతి. అందుచేత పట్టపగలు కూడా ఆ వైపు ఎవ్వరూ అడుగు పెట్టరు.

లోయను చూడగానే ఇద్దరూ ఒక్క క్షణం మైమరచిపోయారు. ఈ కొండనుంచి ఆ కొండకు పట్టుదారాల పందిరి అల్లినట్లుంది. ప్రతి పోగు మీదా మంచుబిందువులు నిలిచి, ఎండ తగిలినచోట మాణిక్యాల వలె, నీడలో నీలాల వలె మెరుస్తున్నాయి. గాలి వీచినప్పుడు ఆ పందిరి అంతా వేయి వీణెలు ఒక్కసారి సవరించినట్లు మోగుతోంది. ఆ అందానికి నడుమ, గున్న ఏనుగంత నల్లని పురుగు, కాళ్లు ముడుచుకొని నిద్రిస్తోంది. దాని కిందుగా పోతున్నది తాళ్లవంతెన.

ఊపిరి బిగబట్టి సగం దాటారు. అంతలో తిప్పన్న కట్టుకొన్న సోదెమ్మ చీర ఒక పోగుకు తగిలి అతుక్కుపోయింది. పోగు వణికింది. పురుగు కళ్లు తెరిచింది. ఆ కళ్లు ముఖం నిండా పొదిగిన దీపాల వలె ఒకటొకటిగా వెలిగాయి.

"కత్తి తియ్యి! దారం కొయ్యి!" అంది వకుళ.

"నా దగ్గరున్నది చెక్కకత్తి తల్లీ! వేషాల వాడికి ఉక్కుకత్తి ఎవడిస్తాడు?"

పురుగు జరజర దిగివస్తోంది. దారం ఎక్కడ వణికితే అక్కడ ఎర ఉన్నదని దానికి తెలుసు. వకుళ ఎదుటి కొండ నున్నని రాతిముఖాన్ని చూసింది. నిండుగా ఊపిరి పీల్చి, సభలో వలె, కంఠమెత్తి పలికింది.

"సప్తదుర్గ భంజన! నిశాచర మర్దన! క్షామహర! జయధవళ మహాసేనానీ, జయ!"

ఆ గొంతు ఎదుటి కొండకు తగిలి, రెట్టింపై, పిడుగు వలె మారుమోగింది. అక్కడి దారాలన్నీ ఒక్కసారి గజగజలాడాయి. పురుగు గిరుక్కున తిరిగి ఆ వైపుకు దూకింది. ఆ సందులో తిప్పన్న చీరను అక్కడే వదలి, గోచీతో, నెరిసిన ముడితో, వంతెన మీద లేడి వలె పరుగుతీశాడు. వకుళ అతని వెంటనే అవతలి ఒడ్డున పడింది.

"ఆయన పేరే మనల్ని కాపాడింది," అంది ఆమె ఆయాసపడుతూ.

"కాపాడింది, కాదనను," అన్నాడు తిప్పన్న, ముడి పీకి చేత పట్టుకొని. "ఆ పేరు మంచిదే వకుళమ్మా. నాకు భయం ఆ పేరుతో కాదు. ఇవాళ ఆయన చేయబోయే పనితో."

మేఘబంధం మీద తీర్పుసభ తీరి ఉంది. కొండరాళ్లను కరిగించి పోతపోసినట్లున్న ఆ ఆనకట్ట మీద కలువపూల పతాకలు ఎగురుతున్నాయి. ఒక వైపు ఆకాశమంతటి జలరాశి, మరొక వైపు పాతాళమంతటి లోతు. ఆ లోతుకు చివర, సముద్రపు అంచున, తెల్లమళ్ల పల్లె అరచేతిలోని ఉప్పుకల్లంత కనబడుతోంది. జయధవళుణ్ణి చూడవచ్చిన జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నారు. తల్లులు బిడ్డలను భుజాల మీదికెత్తి, "అడుగో, ఆయనే!" అని చూపుతున్నారు.

ఆయన నల్లరాతి వేదిక మీద నిలిచి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, ఎడమచెంప మీద కాలిన మచ్చ, చేతిలో కాలభేదిని అనే శూలం. ఆ శూలాన్ని విసిరితే మాయావి అయినా చస్తాడు. నేలలో గుచ్చితే నిప్పయినా నీరయినా రెండుగా చీలుతుంది. అయితే ఒక్కసారి గుచ్చిన శూలం పొద్దు వాలేవరకు ఎవరు పట్టి లాగినా పెకలిరాదు.

తిప్పన్నను జనంలో వదిలి, వకుళ ముఖం కడిగి, వంది ధరించే ఎర్రశాలువా కప్పుకొని వేదిక చేరేసరికి, మారువంది అప్పుడే ముందుకు వస్తున్నాడు. ఆమె అతన్ని పక్కకు నెట్టి సేనాని ముందు మోకరించింది.

"మహాసేనానీ, ఒక్క మనవి. ఆ పల్లె..."

"నిన్నంతా కనబడలేదు. జ్వరమేమోనని వైద్యుణ్ణి పంపాను," అన్నాడు జయధవళుడు, ఇతరులు వినకుండా. ఆ గొంతులోని వాత్సల్యం నిజమైనది. మరుక్షణం అది మాయమైంది. "తీర్పువేళ వంది నోట బిరుదులు తప్ప మరొక మాట రారాదు. నియమం నీకు తెలుసు. లే. చదువు."

"ఒక్క మాట వినండి ప్రభూ!"

"చదువు వకుళా."

దుందుభి మోగింది. సూర్యుడు నడినెత్తికి ఎక్కాడు. తూముల చక్రాల దగ్గర భటులు చేతులు వేసి నిలిచారు. వకుళ లేచి జనం వైపు తిరిగింది.

"సప్తదుర్గ భంజన!" అని ఎత్తుకొంది. జనం జయజయధ్వానాలు చేశారు. "నిశాచర మర్దన! మేఘబంధ నిర్మాత! క్షామహర! సత్యవాక్య!" ఒక్కొక్క బిరుదూ కొండలకు తగిలి తిరిగి వచ్చింది. ఆమె ఏ ఒక్కదానినీ తగ్గించి పలకలేదు. ఏడు దుర్గాలు గెలిచినమాట నిజం. ఈ ఆనకట్ట కట్టి కరువును తరిమినమాట నిజం. ఆడి తప్పనిమాట నిజం. మిగిలినది ఒక్క బిరుదు, అన్నిటికంటె చివరిది, అన్నిటికంటె పెద్దది: అభయహస్త. క్రౌంచపురంలో మంటల నడుమనుంచి ఒక పసిపిల్లను ఎత్తుకొని వచ్చిన నాడు రాజు ఇచ్చిన బిరుదు అది. ఆ పసిపిల్ల వకుళ.

ఆమె నోరు మూసుకొంది.

దుందుభి వాయించేవాడి చేయి గాలిలో నిలిచిపోయింది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. గొంతు పట్టుకుపోయిందేమోనని మారువంది చెంబుతో నీళ్లు అందించాడు. ఆమె తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ జోడించి, పెదవులు బిగించి నిలిచింది.

"బిరుదు నిలిపింది!" అన్నాడు వృద్ధుడైన ధర్మాధికారి విశ్వంభరుడు, ఆసనం నుంచి లేచి.  "మా ముత్తాతల కాలంలో ఒకసారి జరిగిందని విన్నాను. ఇప్పుడు కళ్లారా చూస్తున్నాను. సభికులారా, వినండి. వంది నోట పలికేది ప్రజల సాక్ష్యం. వంది ఒక బిరుదును నిలిపితే ఆజ్ఞ కూడా నిలుస్తుంది. ఆ బిరుదు గలవాడు వందిని వెంటబెట్టుకొని, తగవు పుట్టిన చోటికి తానే పోయి విచారించాలి. వందిది తప్పని తేలితే ఆమె నాలుక కోయాలి. సేనానిది తప్పని తేలితే ఆ బిరుదు శిలాశాసనం నుంచి చెక్కివేయాలి."

జనంలోనుంచి ఒక చెప్పు వచ్చి వకుళ భుజానికి తగిలింది.

"ఆయన ఉప్పు తిని ఆయనకే ఎదురు తిరుగుతావా, కృతఘ్నురాలా!"

"అగ్నిలోనుంచి ఎత్తుకొచ్చినందుకు ఇదా ఫలం?"

"నాలుక ఇప్పుడే కోయండి!"

జయధవళుడు చేయి ఎత్తాడు. అరుపులు ఆగాయి. కాలిన మచ్చ ఎర్రబారింది.

"శత్రువులు అనవలసిన మాట నీవు అనకుండానే అన్నావు వకుళా. ఇక నోరు విప్పు. నియమం ఇప్పుడు అడ్డు రాదు."

"పల్లెవాళ్లు పిశాచాలు కారు ప్రభూ. అది వాళ్ల నోము. తొలిరాశి సముద్రుడికి పెట్టేదాకా వాళ్లు ఉప్పు తినరు. నేను వాళ్ల ఇంట ఉండి చూశాను."

"ఊర్ణనాభుడు మాయలో ఆరితేరినవాడు. ఒక నోమును కల్పించలేడా?" ఆయన దగ్గరికి వచ్చాడు. "క్రౌంచపురం కాలుతున్న నాడు వాడు నా ఎదుటనే నిలిచి ఉన్నాడు. శూలం విసిరితే చచ్చేవాడు. నేను నేలలో గుచ్చాను. మంట చీలింది. నిన్ను ఎత్తుకొని వచ్చాను. వాడు నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ తరువాత వాడు తగలబెట్టిన ఊళ్ల పేర్లు చెప్పనా?"

వకుళ ముఖం పాలిపోయింది. కాని ఆమె చూపు దించలేదు.

"చెప్పండి. అవన్నీ నాకు కంఠోపాఠమే. ఆ ఊళ్లను కాల్చింది వాడు. ఈ ఊరిని ముంచబోయేది మీరు."

సభ అంతా నిర్ఘాంతపోయింది. జయధవళుడు గుర్రాలను తెమ్మన్నాడు. 

"నాలుక పోతుంది పిచ్చిపిల్లా," అన్నాడు, ఆమెను జీనుమీదికెక్కిస్తూ.

"పోతే పోతుంది. మిగిలిన బిరుదులు మారువంది చదువుతాడు. అవి నిజాలే గనుక ఎవరు చదివినా చెల్లుతాయి."

వాళ్ల గుర్రాలు, కొందరు సైనికులు వెంట రాగా, కొండదారి దిగి, ఉప్పుమళ్ల గట్లు తొక్కుకొంటూ పల్లె చేరాయి. చావు కోసం కూడుకొన్న జనం ఒక్కచోట ముద్దగా నిలిచి ఉన్నారు. వాళ్ల ముందు, చేతిలో సున్నపుకుండతో, కుంచెతో, నడుము వంగిన నూకాలవ్వ. ఆమె వెనుక మట్టిగోడ మీద ఎర్రమట్టితో గీసిన బొమ్మ ఒకటి: చేత శూలం, చంకలో పసిపిల్ల, చెంపన మచ్చ.

"నువ్వేనేటి జయధవళుడివి?" అంది అవ్వ, కన్నులకు చేయి అడ్డం పెట్టుకొని. "బొమ్మలో ఇంకా పొడుగ్గా గీసుకున్నాంలే."

"ఆ సున్నం ఎందుకు?" అన్నాడు జయధవళుడు.

"నీ బొమ్మ సెరిపేద్దారని. ఊరు ముంచుతాడంట, మన గోడ మీద ఎందుకు అన్నారు కుర్రోళ్లు. కుండ పట్టుకొచ్చాను గానీ సెయ్యి ఆడ్నేదు. నా మనవడు ఆ బొమ్మ సూపించి పిల్లలకి అన్నం తినిపిస్తాడు మరి. సెరపడం ఎందుకు, బొమ్మ ఉంచుకునే తిడదారి అనుకున్నాను. వచ్చావు గదా, నిలబడు."

సైనికులు కత్తులమీద చేతులు వేశారు. జయధవళుడు వాళ్లను ఆపి, గుర్రం దిగి నిలబడ్డాడు.

"ఉప్పు తింటావా అవ్వా?"

"తినను. సముద్రుడు తిననిదే నేను తినను. పీక కొయ్యి, తినను."

"అది నోమేనని నేనెలా నమ్మేది?"

"నన్నేటి అడుగుతావు? గంజి పంపావు. బంట్లని పంపావు. ‘ఎందుకు తినరే’ అని అడిగే మనిషినొక్కడిని పంపావేటి? ఆ పిల్ల అడిగింది, సెప్పాను. నువ్వు అడిగితే నీకూ సెప్పేదాన్ని కాదేటి? మా తొలిరాశి సూడు, అదిగో, అరుగుమీద. సముద్రుడికి కట్టిన ముడుపు సూడు. మా తాతలనాటి రాయి సూడు. పిశాచాలు ఉప్పుని పండిస్తాయేట్రా నాయనా? ముట్టని సరుకుని కాళ్లతో తొక్కి, సేతులతో ఎత్తి, పుండ్లు పడేలా కుప్పలేస్తాయా?"

జయధవళుడు వంగి ఆమె చేతులు పట్టి చూశాడు. అరచేతుల నిండా ఉప్పుకోతలు, తెల్లబడిన పగుళ్లు. వాటిలో పాతవీ కొత్తవీ ఉన్నాయి. ఆయన శిరస్త్రాణం తీసి చంకన పెట్టుకొన్నాడు.

"ధర్మాధికారికి కబురు పంపండి," అన్నాడు సైనికులతో. "వందిది..."

మాట పూర్తి కాలేదు. ఉత్తరదిక్కున భూమి మూలిగినట్లు ఒక శబ్దం పుట్టింది. మేఘబంధం తూములన్నీ ఒక్కసారి తెరుచుకొన్నాయి. తెల్లని జలస్తంభాలు కొండంత ఎత్తునుంచి దూకాయి. చక్రాల దగ్గర నిలిచిన భటుడొకడు శరీరాన్ని కుబుసం వలె విడిచివేశాడు. ఎనిమిది చేతులు చాచుకొని, ఆనకట్ట అంచున, ఊర్ణనాభుడు నిలిచాడు.

"జయధవళా!" అన్న కేక నీటిహోరును మించి వినబడింది. "నీ చేతనే ముంచించి, నీ జనం చేతనే నిన్ను శపింపజేద్దామనుకొన్నాను! ఆ పిల్ల నోరు మూసుకొని నా పని చెడగొట్టింది! అయినా నష్టం లేదు. నీవే వచ్చి గుంటలో దిగావు!"

సేనాని శూలం ఎత్తాడు. ఇన్నేళ్లకు మళ్లీ వాడు కంటికి ఎదురుగా, గురికి అందేచోట, ఏ మాయా కప్పుకోకుండా నిలిచాడు. కాలభేదిని సూర్యకాంతిలో భగ్గుమంది. భుజం వెనుకకు వంగింది.

నీటిగోడ ఉప్పుకుప్పలను నాకుతూ వస్తోంది. పడమట గవ్వలగుట్ట ఉంది. కాని పిల్లాజెల్లాతో పరుగెత్తేవాళ్లకు అది అందని దూరం.

"సేనానీ, నేలలో!" అని అరిచింది వకుళ. "నేలలో గుచ్చండి!"

"ఇప్పుడు వదిలితే వాడు మళ్లీ దొరకడు!"

"దొరకడు. వీళ్లూ దొరకరు!"

జయధవళుడి చూపు ఆనకట్ట మీదనే ఉంది.  నూకాలవ్వ సున్నపుకుండను జారవిడిచి, పక్కనున్న పసివాణ్ణి చంకనెత్తుకొని పరుగు మొదలుపెట్టింది. కాని ఆ కాళ్లకు పరుగెక్కడిది? ఆయన ఆ కాళ్లను చూశాడు. ఒక్క గర్జనతో శూలాన్ని తిప్పి, ఉప్పుమడి నడుమ, పిడి దాకా దిగేటట్లు గుచ్చాడు.

నీటిగోడ శూలం దగ్గరకు వచ్చి, రంపంతో కోసిన దుంగ వలె, రెండుగా చీలిపోయింది. ఇటొక నది, అటొక నది. నడుమ గవ్వలగుట్ట దాకా తెల్లని పొడినేల బాట. నీటిగోడల లోపల చేపలు, పతాకలు, విరిగిన చక్రాలు సుళ్లు తిరుగుతున్నాయి.

ఆనకట్ట పైనుంచి వికటాట్టహాసం వినిపించింది. ఊర్ణనాభుడు బొడ్డునుంచి తాడంత దారం వదిలి, గాలిలో ఊగుతూ, ఎనిమిది చేతులా కత్తులు పట్టి, శూలం లేని సేనాని వైపు దిగిరాసాగాడు.

వకుళ పరుగున వచ్చి ఆయన పక్కన నిలిచింది.

"నా పక్కన ఎందుకు నిలిచావు? ఇక్కడ నీకేం పని?" అన్నాడు జయధవళుడు, నడుమునున్న చిన్న బాకు దూస్తూ.

"బిరుదులు చదవడం నా పని ప్రభూ. యుద్ధానికి ముందు..."

"నాకేమీ చదవకు! వాళ్లను చూడు. ఏ వైపు పోవాలో తెలియక నిలిచిపోయారు. ఇంత హోరులో వాళ్లకు వినబడే గొంతు ఈ రాజ్యంలో ఒక్కటే ఉంది."

నిజమే. రెండు నీటిగోడల నడుమ పల్లెజనం దిక్కుతోచక, ఒకరినొకరు పట్టుకొని, కదలక నిలిచి ఉన్నారు. వకుళ సేనాని వైపు వీపు తిప్పింది. ఇన్నేళ్లుగా ఒకే ఒక్క మనిషి పేరును పలుకుతూ వచ్చిన ఆ కంఠాన్ని ఆకాశానికెత్తి, ఊపిరంతా ఒక్కచోటికి తెచ్చి, ఉప్పుమళ్ల జనాన్ని పిలిచింది.

"గుట్టకు! పడమటి గుట్టకు! అవ్వను ముందు ఎత్తుకోండి! నడవండి, నడవండి!"

జనం కదిలారు. ఆమె వెనుక ఇనుము మీద ఇనుము మోగింది. ఆమె తిరిగి చూడలేదు. ఇంకా పిలుస్తూనే ఉంది.